బొమ్మ ఒకరిది, టవర్ ఒకరిది

లాస్ ఏంజిల్స్‌లో టీవీకి యాంటెనా తగిలించి 54వ చానల్ పెడితే, గంటకోసారి తెర మీద చిన్న అక్షరాల్లో ఒక పేరు వచ్చి పోతుంది. ‘కేఏజడ్ఏ, ఆవలాన్’ అని. ఆవలాన్ లాస్ ఏంజిల్స్‌లో ఒక పేట అనుకుంటే పొరపాటే. తీరానికి 35 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య కాటలీనా దీవి మీద ఉన్న ఊరది. నాలుగు వేల మంది జనం కూడా ఉండరు. అయినా ఆ ఊరి పేరు మీద ఒక పెద్ద టీవీ స్టేషన్‌కు లైసెన్సు ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం ప్రతి స్టేషన్‌ ఏదో ఒక ఊరి పేరున లైసెన్సు తీసుకోవాలి, గంటకోసారి తన పిలుపు అక్షరాలతో పాటు ఆ ఊరి పేరు కూడా చెప్పుకోవాలి. అందుకే ఆ దీవి పేరు రోజూ లాస్ ఏంజిల్స్ ఇళ్లలో కనబడుతూ ఉంటుంది.

పిలుపు అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. మిసిసిపి నదికి పడమట ఉన్న స్టేషన్ల పేర్లు చాలావరకు ‘కే’తో మొదలవుతాయి, తూర్పున ఉన్నవి ‘డబ్ల్యూ’తో. మిగతా అక్షరాలు ఎవరికి నచ్చినవి వాళ్లు అడిగి తీసుకోవచ్చు. ఇక్కడ ‘ఏజడ్ఏ’ అని పెట్టుకున్నది ఆజ్టెకా పేరు గుర్తుగా. 2001 జూలై 28న ఆజ్టెకా అమెరికా అనే స్పానిష్ నెట్‌వర్క్‌ ఈ స్టేషన్‌తోనే మొదలైంది. ఇప్పుడు ఆ నెట్‌వర్క్‌ లేదు. 2022 డిసెంబర్ 31తో మూతపడింది. స్టేషన్‌ మాత్రం అదే పేరుతో నడుస్తోంది. అందులో వచ్చేవి ఇంగ్లిష్‌లో పాతకాలపు అమెరికన్ సీరియళ్లు.

నెట్‌వర్క్‌ పోతే స్టేషన్‌ ఎలా మిగిలింది? మన దగ్గర టీవీ చూసే అలవాటుతో ఆలోచిస్తే ఇది వెంటనే అర్థం కాదు. ఈటీవీ అయినా జెమిని అయినా ఒకే చోట నుంచి ఉపగ్రహానికి పంపితే, అక్కడ నుంచి కేబుల్ వాళ్లో డీటీహెచ్ వాళ్లో అందుకుని ఇంటింటికీ ఇస్తారు. చానల్ మూతపడితే అంతా మూతపడినట్టే. ఊరూరా టవర్ పెట్టి గాలిలో వదిలే పని దూరదర్శన్ ఒక్కటే చేసింది. అమెరికాలో అలా కాదు. అక్కడ కార్యక్రమాలు తయారుచేసే నెట్‌వర్క్‌ వేరు, వాటిని ఒక్కో నగరంలో గాలిలోకి వదిలే స్టేషన్‌ వేరు. కొన్ని నగరాల్లో స్టేషన్‌ నెట్‌వర్క్‌ సొంతదే ఉంటుంది. ఎక్కువ చోట్ల మాత్రం వేరే యజమానిది. అతను ఒప్పందం రాసుకుని నెట్‌వర్క్‌ కార్యక్రమాలు వేస్తాడు. ఇవే అనుబంధ స్టేషన్లు.

తెలుగువాళ్లకు దీన్ని చెప్పడానికి టీవీ కంటే సినిమా పోలిక బాగా పనికొస్తుంది. సినిమా తీసేది నిర్మాత. బొమ్మ పడేది థియేటర్‌లో. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలవారీగా థియేటర్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే సంక్రాంతికి ఏ సినిమా ఆడుతుందో తేలుస్తుంది. మంచి సినిమా తీసి కూడా థియేటర్లు దొరక్క విడుదల వాయిదా వేసుకున్నవాళ్లు ఎంతమందో. అమెరికాలో యూనివిజన్, టెలిముండో అనే రెండు పెద్ద స్పానిష్ నెట్‌వర్కుల తర్వాత వచ్చిన స్పానిష్ నెట్‌వర్కుల కథ సరిగ్గా ఇదే. వాటి దగ్గర బొమ్మ ఉంది. అది పడే చోటు తమది కాదు.

వాటిలో చాలావరకు నిలబడకపోవడానికి కార్యక్రమాలు బాగాలేవని, ప్రేక్షకులు రాలేదని, యాజమాన్యం తప్పులు చేసిందని చాలా కారణాలు చెబుతారు. వాటిలో నిజం లేకపోలేదు. కానీ కార్యక్రమాల కంటే ముందు స్టేషన్ల లెక్క చూడాలి. అక్కడే చాలావరకు తేలిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్తే ఆ లెక్క మొదలైన చోటు దొరుకుతుంది. అమెరికాలో పూర్తిగా స్పానిష్‌లో నడిచిన మొదటి టీవీ స్టేషన్‌ కేసీఓఆర్. రావుల్ కోర్టెజ్ అనే ఆయన 1955లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 41వ చానల్‌గా పెట్టాడు. తర్వాత చేతులు మారి అది కేడబ్ల్యూఈఎక్స్ అయింది. 1962 సెప్టెంబర్ చివర లాస్ ఏంజిల్స్‌లో కేఎంఈఎక్స్ 34వ చానల్‌గా మొదలైంది. ఈ రెండింటి వెనకా మెక్సికో టీవీ దిగ్గజం ఎమిలియో అజ్కారాగా డబ్బు ఉంది. ఇలాంటి స్టేషన్లతో కట్టిన నెట్‌వర్క్‌ పేరు స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్‌. పొట్టిగా సిన్.

41, 34 అనే అంకెలు ఊరికే రాలేదు. అప్పట్లో 2 నుంచి 13 దాకా ఉన్న చానళ్లే టీవీలో వచ్చేవి. అవి ఎప్పుడో పెద్ద ఇంగ్లిష్ నెట్‌వర్కుల వాళ్లు పట్టుకెళ్లారు. 14 పైన ఉన్న యూహెచ్ఎఫ్ చానళ్లు మామూలు టీవీల్లో రానే రావు. అదనంగా ఒక కన్వర్టర్ డబ్బా కొనుక్కుని తగిలించుకోవాలి. అంటే, తమ భాషలో టీవీ చూడటానికి వలస కూలీల కుటుంబాలు విడిగా డబ్బు పెట్టాల్సి వచ్చేది. కొత్తగా తయారయ్యే ప్రతి టీవీలో యూహెచ్ఎఫ్ కూడా వచ్చేలా చూడాలని 1962లోనే చట్టం తెచ్చారు, 1964 నుంచి అది అమలైంది. ఎవరూ కోరని చానళ్లు కాబట్టే అవి స్పానిష్ వాళ్లకు చవకగా దొరికాయి. ఆ చవక చానళ్లే కాలం గడిచేకొద్దీ బంగారమయ్యాయి. ముందు వచ్చినవాళ్ల అదృష్టం అది.

ఒక స్థానిక స్టేషన్‌ ఆ నగరంలోని జనానికి ఏమవుతుందో కూడా కేఎంఈఎక్స్ దగ్గరే కనిపిస్తుంది. 1970 ఆగస్టు 29న తూర్పు లాస్ ఏంజిల్స్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెక్సికన్ అమెరికన్లు పెద్ద ఊరేగింపు తీశారు. దాన్ని కవర్ చేయడానికి కేఎంఈఎక్స్ వార్తా విభాగం అధిపతి రూబెన్ సాలజార్ స్వయంగా వెళ్లాడు. లాస్ ఏంజిల్స్ టైమ్స్‌లో కాలమ్ కూడా రాసేవాడాయన. ఊరేగింపు పోలీసు చర్యతో చెదిరిపోయాక ఒక బార్‌లో కూర్చుని ఉన్నప్పుడు, షెరిఫ్ డిప్యూటీ లోపలికి పేల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి చనిపోయాడు. ఆ వీధిలో జరిగేది ఆ వీధి భాషలో చెప్పడానికి ఒక మనిషిని పంపగలిగింది ఆ స్టేషన్‌. ఎక్కడో ఉన్న నెట్‌వర్క్‌ నుంచి వచ్చే నవలా సీరియల్ ఈ పని చేయలేదు.

తర్వాత వచ్చిన మలుపు ఆజ్టెకా భవిష్యత్తును కూడా నిర్ణయించింది, దాని పుట్టుకకు పదిహేనేళ్ల ముందే. అమెరికా కమ్యూనికేషన్ల చట్టంలో ఒక పాత నియమం ఉంది. గాలిలో ప్రసారం చేసే లైసెన్సు విదేశీయుల చేతిలో ఉండకూడదు. లైసెన్సు ఉన్న కంపెనీకి పైన మరో కంపెనీ ఉంటే, అందులో విదేశీ వాటా నాలుగో వంతు మించకూడదు. సిన్ స్టేషన్లు కాగితం మీద అమెరికన్లవే. కానీ వాటి మీద అసలు పెత్తనం మెక్సికో అజ్కారాగా కుటుంబానిదే అన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి నలిగింది. 1986 జనవరిలో విచారణ న్యాయాధికారి లైసెన్సులు పునరుద్ధరించకూడదని తీర్పు ఇచ్చాడు. దాంతో స్టేషన్లను గ్రీటింగ్ కార్డుల కంపెనీ హాల్‌మార్క్‌ కొనుక్కుంది. 1987లో నెట్‌వర్క్‌ పేరు యూనివిజన్ అయింది. ఐదేళ్లకు అది మళ్లీ చేతులు మారినప్పుడు అజ్కారాగా కుటుంబానికి చెందిన మెక్సికో కంపెనీ టెలివిసా చిన్న వాటాతో, సీరియళ్లు ఇచ్చే దుకాణంగా వెనక్కి వచ్చింది. కానీ స్టేషన్లు మాత్రం అమెరికన్ల చేతిలో, ఒకే గొడుగు కింద భద్రంగా ఉన్నాయి.

రెండో నెట్‌వర్క్‌ టెలిముండో కూడా స్టేషన్లను ముందు పోగుచేసుకునే పుట్టింది. లాస్ ఏంజిల్స్‌లో 52, న్యూయార్క్‌లో 47, మయామీలో 51 చానళ్లను కొన్నాక 1987లో నెట్‌వర్క్‌ పేరు పెట్టారు. వీటిలో లాస్ ఏంజిల్స్ స్టేషన్‌ లైసెన్సు కొరోనా అనే శివారు ఊరిది, న్యూయార్క్‌ది న్యూజెర్సీలోని లిండెన్‌ది. కాబట్టి శివారు లైసెన్సు ఉన్నంత మాత్రాన ఓడిపోవాలని ఏమీ లేదు. స్టేషన్‌ సొంతదా కాదా, పూర్తి శక్తి ఉన్నదా కాదా అన్నదే ముఖ్యం. టెలిముండో దివాలా దాకా వెళ్లి కూడా బతికిందంటే, చేతిలో ఆ లైసెన్సులు ఉన్నందువల్లే. 2002లో ఇంగ్లిష్ నెట్‌వర్క్‌ ఎన్‌బీసీ దాన్ని కొనడానికి కూడా అదే కారణం.

ఇక ఆజ్టెకా. మెక్సికో ప్రభుత్వ టీవీని 1993లో ప్రైవేటుకు అమ్మినప్పుడు రికార్డో సాలినాస్ ప్లీగో కొని టీవీ ఆజ్టెకాగా మార్చాడు. టెలివిసాకు అక్కడ మొదటిసారి గట్టి పోటీ వచ్చింది. సొంత సీరియళ్లు ఉన్నాయి, మెక్సికో ఫుట్‌బాల్ లీగ్‌లో జట్లున్నాయి, గాసిప్ షోలున్నాయి. 2000 జనాభా లెక్కల్లో అమెరికాలో హిస్పానిక్ జనం, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, 3.53 కోట్లు అని తేలింది. వాళ్లలో అత్యధికులు మెక్సికో మూలాలవాళ్లే. తమ ఊరి టీవీలో చూసిన ముఖాలే సరిహద్దు దాటాక కూడా కావాలనుకునేవాళ్లు బోలెడంత మంది. కాబట్టి అమెరికాకు వెళ్లాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, టీవీ ఆజ్టెకా మెక్సికో కంపెనీ. స్టేషన్లు సొంతంగా కొనే వీల్లేదు. 1986లో సిన్‌ను పడగొట్టిన నియమం అలాగే ఉంది. అందుకని కాలిఫోర్నియాలోని వైసాలియాకు చెందిన హ్యారీ పాపస్ కంపెనీతో కలిసింది. స్టేషన్లు పాపస్‌వి, బొమ్మ ఆజ్టెకాది. అలా ఆవలాన్ లైసెన్సుతో, లాస్ ఏంజిల్స్ పైన ఉన్న మౌంట్ విల్సన్ టవర్ నుంచి 54వ చానల్ మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కో వైపు కూడా పాపస్ స్టేషన్‌ ఉండేది. నెవాడాలోని రెనోలో, నెబ్రాస్కాలోని ఒమాహాలో పెట్టిన చిన్న స్టేషన్లకు కూడా పేరులో ‘ఏజడ్’ వచ్చేలా అక్షరాలు తీసుకున్నారు. ఒమాహాలో స్పానిష్ టీవీ ఏమిటి అనిపిస్తుంది కానీ, అక్కడి మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లే.

కాపురం ఎక్కువ రోజులు సాగలేదు. నెట్‌వర్క్‌లో ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత పెట్టాలి అన్న దగ్గర గొడవై కోర్టుకెక్కారు. 2003లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి 54వ చానల్‌ను ఆజ్టెకా కౌలు లాంటి ఒప్పందం మీద నడిపింది. లైసెన్సు మాత్రం పాపస్ పేరు మీదే ఉండిపోయింది. అంటే దేశంలోనే అతి పెద్ద హిస్పానిక్ టీవీ మార్కెట్‌లో, తన నెట్‌వర్క్‌కు గుండెకాయ లాంటి స్టేషన్‌లో ఆజ్టెకా అద్దెకున్నట్టే. సొంత ఇల్లు కట్టుకున్న యూనివిజన్‌తో అద్దె ఇంట్లో ఉండి పోటీ పడటం ఎంత టెన్షన్ పనో, అద్దెకుండి వ్యాపారం చేసిన ఎవరికైనా తెలుసు.

అదే సమయంలో ఇంకో దెబ్బ తగిలింది. అమెరికా మీడియా వ్యాపారి బ్యారీ డిల్లర్ కంపెనీ పెద్ద నగరాల్లో ఉన్న తన 13 స్టేషన్లను అమ్మకానికి పెట్టింది. యూనివిజన్ 110 కోట్ల డాలర్లు పెట్టి మొత్తం ఎత్తుకెళ్లింది. 2002 జనవరిలో వాటితో టెలిఫుచురా అనే రెండో నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది. ఇప్పటి యూనిమాస్ అదే. పెద్ద నగరాల్లో పూర్తి శక్తితో ఉండి, అమ్మకానికి వచ్చిన స్టేషన్ల గుంపు మళ్లీ అలాంటిది దొరకడం కష్టం. ఆజ్టెకా పుట్టిన ఏడాదే ఆ తలుపు మూసుకుపోయింది. సంక్రాంతికి మంచి థియేటర్లన్నీ ఒకే పంపిణీదారుడు బుక్ చేసేసుకుంటే మిగతావాళ్లకు ఏం మిగులుతుందో, అదే ఆజ్టెకాకు మిగిలింది.

మిగిలినవి ఎలాంటివో చూడాలి. కొన్ని పూర్తి శక్తి స్టేషన్లే, కానీ శివార్లవి. హ్యూస్టన్‌లో కేవైఏజడ్ లైసెన్సు కేటీ అనే ఊరిది. డల్లాస్‌లో కేఏజడ్‌డీ లైసెన్సు లేక్ డల్లాస్ అనే ఊరిది. ఈ రెండూ అప్పట్లో ఉనా వెజ్ మాస్ అనే డల్లాస్ కంపెనీవి. ఆజ్టెకా అనుబంధ స్టేషన్లలో అతి పెద్ద గుంపు దానిదే. ఇవి పోగా ఎక్కువ నగరాల్లో దొరికినవి తక్కువ శక్తి స్టేషన్లు.

తక్కువ శక్తి అన్న మాట మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు కీలు అక్కడే ఉంది. సిగ్నల్ కొద్ది దూరమే వెళ్తుందన్నది ఒక సంగతి. అంతకంటే పెద్దది కేబుల్ సంగతి. 1992 కేబుల్ చట్టం పూర్తి శక్తి స్టేషన్లకు ఒక హక్కు ఇచ్చింది. తమ ప్రాంతంలోని కేబుల్ ఆపరేటర్ తమను తప్పనిసరిగా వేయాలని కోరవచ్చు. లేదంటే, వేస్తే ఇంత డబ్బు ఇవ్వాలని బేరం పెట్టవచ్చు. కేబుల్ కంపెనీలు దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లాయి. 1997లో 5-4 తేడాతో చట్టం నిలబడింది. యూనివిజన్ లాంటి బలమైనవాళ్లు బేరం పెట్టి డబ్బు తీసుకుంటారు. బలం లేని పూర్తి శక్తి స్టేషన్లు తప్పనిసరి హక్కు వాడుకుని ఉచితంగానైనా కేబుల్‌లోకి ఎక్కుతాయి. తక్కువ శక్తి స్టేషన్లకు, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, ఈ హక్కు లేదు. కేబుల్ వాడు దయతలిస్తే వేస్తాడు, లేకపోతే లేదు.

ఇది ప్రకటనల దాకా వెళ్తుంది. నెట్‌వర్క్‌ గంటలో కొన్ని నిమిషాలు తన దేశవ్యాప్త ప్రకటనలకు ఉంచుకుని, మిగిలిన నిమిషాలు స్థానిక స్టేషన్‌కు వదులుతుంది. ఆ నిమిషాల్లో కార్ల డీలరు, వలస కేసుల లాయరు, ఫర్నిచర్ షాపు వాళ్ల ప్రకటనలు వేసుకుని స్టేషన్‌ బతుకుతుంది. నగరంలో సగం ఇళ్లకు చానలే అందకపోతే డీలరు ఎందుకు డబ్బు ఇస్తాడు? స్థానిక ఆదాయం రాకపోతే స్థానిక వార్తలకు విలేకరిని ఎక్కడ పెడతారు? వార్తలు లేకపోతే ఆ చానల్ మాది అని జనం ఎందుకు అనుకుంటారు? అటు నెట్‌వర్క్‌కు కూడా దేశమంతా మాకు ఇన్ని ఇళ్లున్నాయి అని పెద్ద కంపెనీలకు చెప్పుకోవడానికి అంకె తగ్గిపోతుంది. సీరియల్ ఎంత బాగున్నా ఈ వలయం నుంచి బయటపడటం చాలా కష్టం.

అమెరికా సంస్థ అయితే గట్టెక్కేదా అన్న ప్రశ్నకు జవాబు మరో నెట్‌వర్క్‌లో ఉంది. 2012 ఆగస్టు 13న మొదలైన ముండోఫాక్స్ వెనక ఫాక్స్ లాంటి కొండంత కంపెనీ ఉంది, కొలంబియా ఆర్‌సీఎన్ స్టూడియోల సీరియళ్లున్నాయి. అప్పటికి హిస్పానిక్ జనం 5 కోట్లు దాటారు. అయినా అనుబంధ స్టేషన్ల జాబితా చూస్తే అదే బాధ. లాస్ ఏంజిల్స్‌లో 22వ చానల్ కేడబ్ల్యూహెచ్‌వై దొరకడం బాగానే ఉంది. అది ఒకప్పుడు పగలంతా షేర్ మార్కెట్ ధరలు చూపించిన స్టేషన్‌. న్యూయార్క్‌లో దొరికింది తక్కువ శక్తి స్టేషన్‌. మయామీకి దొరికిన దాని లైసెన్సు కీ వెస్ట్‌ది, అంటే ఫ్లోరిడా చిట్టచివరి దీవిది, కారులో వెళ్తే నాలుగు గంటల దారి. మళ్లీ ఒక దీవి ఊరు! 2015 జూలైలో వార్తా విభాగాన్ని మూసేశారు, ఫాక్స్ తన వాటా ఆర్‌సీఎన్‌కు ఇచ్చి తప్పుకుంది, పేరు ముండోమాక్స్ అయింది. 2016 నవంబర్ నెలాఖరుకు ప్రసారాలు ఆగిపోయాయి. నాలుగేళ్లకు పైన కొన్ని నెలలు, అంతే. 2006లో హ్యూస్టన్‌లో పుట్టి 2008లో పోయిన లాట్ టీవీ, 2013లో లాస్ ఏంజిల్స్ 63వ చానల్‌లో మొదలై ఏడాది తిరగ్గానే చేతులెత్తేసిన సీఎన్ఎన్ లాటినో కూడా ఈ వరసలోనివే.

ఇంతవరకు అనుబంధ స్టేషన్‌ యజమాని కష్టం కూడా నెట్‌వర్క్‌ కష్టమే. ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు. 2016లో మొదలైన స్పెక్ట్రమ్ వేలంతో దారులు విడిపోయాయి. స్పెక్ట్రమ్ అనే మాట మనకు 2జీ రోజుల నుంచి తెలిసిందే. సెల్‌ఫోన్ కంపెనీలకు గాలిలో చోటు చాలడం లేదు. టీవీ స్టేషన్ల దగ్గర ఉన్న ఫ్రీక్వెన్సీలు దూరం వెళ్తాయి, గోడలు దాటుతాయి. కాబట్టి ప్రభుత్వం రెండు వైపుల వేలం పెట్టింది. ఒక వైపు స్టేషన్లు ఎంతకు వదులుకుంటాయో చెప్పాలి, ఇంకో వైపు ఫోన్ కంపెనీలు ఎంతకు కొంటాయో చెప్పాలి. 2017 వసంతంలో లెక్క తేలేసరికి మొత్తం 1,980 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో 1,000 కోట్లకు పైగా 175 స్టేషన్లకు వెళ్లాయి. 38 నుంచి 51 దాకా ఉన్న టీవీ చానళ్ల ఫ్రీక్వెన్సీలు ఫోన్లకు వెళ్లిపోయాయి.

ఇందులో వింత ఏమిటంటే, ధర నిర్ణయించింది స్టేషన్‌ను ఎంతమంది చూస్తున్నారన్నది కాదు. ఆ సిగ్నల్ ఎంత జనసాంద్రత ఉన్న చోట గాలిని ఆక్రమించి ఉందన్నదే. అన్నిటికంటే ఎక్కువ ధర, 30 కోట్ల డాలర్లకు పైన, వచ్చింది ఇల్లినాయ్‌లోని లా సాల్ అనే చిన్న ఊరి లైసెన్సున్న మతపరమైన స్టేషన్‌కు. షికాగోకు నూరు కిలోమీటర్లకు పైనే దూరం. షికాగో గాలికి అడ్డం ఉంది కాబట్టి అంత ధర. పెద్ద నగరం పక్కన, శివారు లైసెన్సుతో, చూసేవాళ్లు తక్కువగా ఉన్న స్టేషన్‌ అంటే వేలానికి తగిన సరుకు అన్నమాట. ఆజ్టెకా అనుబంధ స్టేషన్ల వర్ణన కూడా అచ్చం ఇదే. పదిహేనేళ్లు బలహీనతగా ఉన్నదే యజమానికి ఒక్క రోజులో ఆస్తి అయిపోయింది. నెట్‌వర్క్‌కు మాత్రం అందులో పైసా రాదు, ఎందుకంటే లైసెన్సు దానిది కాదు.

54వ చానల్ కూడా తన ఫ్రీక్వెన్సీని వేలంలో వదులుకుంది. ఇలా వదులుకున్న స్టేషన్లలో ఎక్కువ పూర్తిగా మూతపడలేదు. లైసెన్సు ఉంచుకుని, మరో స్టేషన్‌ ఫ్రీక్వెన్సీలో సగం పంచుకోవచ్చు. డిజిటల్ వచ్చాక ఒకే ఫ్రీక్వెన్సీలో చాలా చానళ్లు పడతాయి కనుక ఇది సాధ్యం. తెర మీద అంకె పాతదే కనిపిస్తుంది. చూసేవాళ్లకు 54 ఎప్పటిలాగే 54. తప్పనిసరి కేబుల్ హక్కు కూడా లైసెన్సుతో పాటు ఉంటుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీ డబ్బు చేతికొచ్చాక కూడా మిగిలిన ఆ లైసెన్సుకు ఒక విలువ ఉంది. 2018లో షికాగో కంపెనీ వైగెల్ దాన్ని కొనుక్కుని తన పాత సీరియళ్ల నెట్‌వర్క్‌ మీటీవీని పెట్టింది. హ్యూస్టన్ కేవైఏజడ్, డల్లాస్ కేఏజడ్‌డీ కూడా తర్వాత వైగెల్ చేతికే వెళ్లాయి, వాటిలోనూ ఇప్పుడు మీటీవీయే. ‘ఏజడ్’ అక్షరాలు మాత్రం మూడింటిలో ఎవరూ మార్చలేదు.

ఆజ్టెకా అమెరికాను 2017 నవంబర్‌లోనే టీవీ ఆజ్టెకా అమ్మేసింది. కొన్నది ఫిలిప్ ఫాల్కోన్ నడిపిన హెచ్‌సీ2 హోల్డింగ్స్. ఈ కంపెనీ ఆలోచన వేరే. దేశమంతటా తక్కువ శక్తి స్టేషన్లను వందల్లో పోగుచేసి, వాటి డిజిటల్ చోటును అద్దెలకివ్వాలని చూసింది. అలాంటి యజమానికి స్పానిష్ నెట్‌వర్క్‌ అన్నది ఖాళీ చోటు నింపే అనేక సరుకుల్లో ఒకటి. మెక్సికో వాళ్ల చేతిలో ఉన్నప్పుడు స్టేషన్లు లేక ఇబ్బంది పడిన నెట్‌వర్క్‌కు, స్టేషన్లు కుప్పలుగా ఉన్న యజమాని దొరికేసరికి దాన్ని నిలబెట్టాలన్న పట్టుదల ఎవరికీ లేకుండా పోయింది. అన్నిటికంటే బాధ కలిగించే మలుపు ఇదే. ఐదేళ్లలో అంతా అయిపోయింది.

విదేశీ వాటా నియమాన్ని 2013 నుంచి కాస్త సడలించారు. కేసును బట్టి నాలుగో వంతు దాటడానికి అనుమతి ఇవ్వవచ్చని చెప్పారు. అది 2001లో వచ్చి ఉంటే ఆజ్టెకా తన స్టేషన్లు తానే కొనుక్కునేదేమో. గెలిచేదని చెప్పలేం, కానీ అద్దెకున్నవాడిలా ఆడాల్సి వచ్చేది కాదు. నియమం పెట్టింది దేశ భద్రత కోసం. చివరికి దాని వల్ల నష్టపోయింది మూడో చానల్ కోసం ఎదురుచూసిన ప్రేక్షకులు.

ఆ ప్రేక్షకులేమీ తగ్గలేదు. 2020 లెక్కల్లో హిస్పానిక్ జనం 6.21 కోట్లు. 2009లో లాస్ ఏంజిల్స్ నుంచి మొదలైన ఎస్ట్రెయా టీవీ ఇంకా నడుస్తోంది. దాన్ని పెట్టిన లీబర్‌మన్ కుటుంబం ముందు స్టేషన్లు కొనుక్కుని ఆ తర్వాతే నెట్‌వర్క్‌ కట్టింది. వరసలో మిగిలింది అదే కావడం యాదృచ్ఛికం అనుకోలేం. అమెరికాలో తెలుగు చానళ్లకు ఈ గొడవే లేదు. అవి మొదట డిష్ ద్వారా, తర్వాత ఇంటర్నెట్ ద్వారా వచ్చాయి, ఏ టవర్‌నూ అడగలేదు. అందువల్ల లైసెన్సు ఖర్చు తప్పింది. కానీ డల్లాస్‌లో టోర్నడో హెచ్చరిక వచ్చినప్పుడు ఇర్వింగ్‌లో ఉన్న తెలుగు అమ్మమ్మకు ఆ సంగతి తెలుగులో చెప్పాల్సిన బాధ్యత ఏ తెలుగు చానల్‌కూ లేదు. స్థానిక స్పానిష్ స్టేషన్‌ ఉన్న ఊళ్లో అక్కడి స్పానిష్ అమ్మమ్మకు చెప్పే మనిషి ఒకరు ఉంటారు.

ఆ బాధ్యత కూడా ఇప్పుడు పలచబడింది. లైసెన్సున్న ఊళ్లో, లేదా దగ్గర్లో, స్టేషన్‌ ఒక స్టూడియో ఉంచాలని దశాబ్దాలుగా ఉన్న నియమాన్ని 2017 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు ఆవలాన్ పేరు మీద లైసెన్సు ఉన్న స్టేషన్‌ ఆవలాన్‌కు దగ్గర్లో గది కూడా అద్దెకు తీసుకోనక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ పంచుకున్నది, కార్యక్రమాలు షికాగో నుంచి వచ్చేవి. గంట కొట్టేసరికి ఆ దీవి ఊరి పేరు తెర మీద చూపించడం మాత్రం తప్పనిసరి.